ఎదురుగాలికి ముందు నిలిచినవారు

మొదట మేము ఐదుగురం. దాదాపు పదహారేళ్లపాటు ప్రతి ఆదివారం చీకటి విడవకముందే సైకిళ్లు తీసుకుని బయలుదేరి, ఎండ ముదిరేలోగా ఇళ్లకు చేరేవాళ్లం. ఆ ఐదుగురిలో ముగ్గురు ఆరేళ్ల వ్యవధిలో ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ పేర్లు ముందు వారి ఇంటివారివి, ఆ తరువాతే మావి. అయితే వారు సైకిల్ తొక్కిన తీరును, సైకిల్ దిగాక చేసిన పనులను రాయకుండా ఉండలేకపోతున్నాను. ఈనాటికీ ఆదివారం తెల్లవారుజామున అలారం మోగకముందే నాకు ఉత్సాహంగా మెలకువ వస్తున్నదంటే, అది వారు చేసిన అలవాటే.

"ఉత్సాహంగా" అన్న మాటను తడబడకుండా రాయగలగడానికి నాకు చాలా కాలం పట్టింది. దాని గురించి తరువాత చెబుతాను. ముందు గాలి గురించి చెప్పాలి.

చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటిన తరువాత, సైకిల్ తొక్కే మనిషి పడే శ్రమలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే నలుగురు కలిసి వెళ్లేటప్పుడు ఒకరి వెనుక ఒకరు, ముందువారి వెనుక చక్రానికి చాలా దగ్గరగా తమ ముందు చక్రాన్ని ఉంచి తొక్కుతారు. ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతాడు, వెనుక ఉన్నవారు ఆ చాటున తేలికగా వెళతారు. ఎదురుగాలి ఉన్నరోజు ఈ తేడా ఎంతటిదో మోకాళ్లకు తెలుస్తుంది. చాటు నుంచి అడుగు పక్కకు జరిగితే ఎవరో ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. న్యాయంగా అయితే ముందు స్థానాన్ని అందరూ వంతులవారీగా తీసుకోవాలి. కాసేపు గాలికి ఎదురు నిలిచినవాడు పక్కకు తప్పుకుని వరుస చివరికి చేరితే, రెండోవాడు ముందుకు వస్తాడు.

మాలో ఒకడు ఆ వంతును సులభంగా వదులుకునేవాడు కాదు. అందరికన్నా పొడగరి, భుజాలు వెడల్పు. "ఇంకో కిలోమీటరు పోనివ్వు, అప్పుడు వద్దువుగాని" అంటూ ఆ కిలోమీటరును ఐదు చేసేవాడు. వెనక్కి తిరిగి చూడడం నేను ఎన్నడూ చూడలేదు, అయినా వెనుక ఎవరు అలసిపోయారో అతడికి తెలిసేది. ఎలా తెలుస్తున్నదని ఒకసారి అడిగాను. మీ మాటలు ఆగిపోయినప్పుడు తెలుస్తుంది, అన్నాడు. కబుర్లు చెప్పుకుంటున్నవారు కబుర్లు మానేసి ఊపిరి మాత్రమే వినిపిస్తున్నదంటే, అతడు ఏమీ అనకుండా వేగాన్ని ఒక మెట్టు తగ్గించేవాడు. అలసిన మనిషిని అలసిపోయావని అనకుండా ఆదుకోవడం ఎంత అరుదైన గుణమో అప్పట్లో నాకు తట్టలేదు.

అతడు మా కళ్ల ముందే పోయాడు. ఒక ఆదివారం ఉదయం చిన్న ఎత్తు ఎక్కిన తరువాత ఎప్పటిలాగే ఆగి, ఒక కాలు నేల మీద పెట్టి, మేము అందరం వచ్చేదాకా నిలబడ్డాడు. తరువాత సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయాడు. మిగిలిన నలుగురం చుట్టూ చేరి ముఖం మీద నీళ్లు చల్లాము, అరికాళ్లు రుద్దాము, పేరు పెట్టి పిలిచాము. మధ్యమధ్య నోరు తెరిచి గట్టిగా ఎగశ్వాస తీస్తున్నట్టు కనిపించడంతో, ఊపిరి ఆడుతున్నది కదా, స్పృహ తప్పిందంతే అనుకున్నాము. ఒకరు వాహనం కోసం రోడ్డు మీదికి పరుగెత్తారు. ఆస్పత్రి చేరేసరికి చాలా ఆలస్యమైపోయింది.

మేము చూసినది శ్వాస కాదని తరువాత తెలిసింది. గుండె హఠాత్తుగా కొట్టుకోవడం మానేసినప్పుడు, మెదడులో అడుగున మిగిలిన ప్రేరణ వల్ల కొద్ది నిమిషాలపాటు అలాంటి ఎగశ్వాసలు రావచ్చు. వాటిని చూసి ఊపిరి ఉందని పొరబడడం మా నలుగురికే జరిగిన విషయం కాదు, ఎంతోమందికి జరుగుతుంది. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు అన్న సంగతి కూడా నాకు ఆ రోజు వరకు తెలియదు. మొదటిది రక్తనాళం పూడుకుపోవడం వల్ల గుండె కండరానికి రక్తం అందకపోవడం. రెండోది గుండెను నడిపే విద్యుత్ లయ చెదిరి, రక్తాన్ని నెట్టే పని పూర్తిగా నిలిచిపోవడం. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. గుండె ఆగిన మనిషి ఛాతీని వెంటనే నొక్కడం మొదలుపెట్టకపోతే, గడిచే ఒక్కొక్క నిమిషానికి బతికే అవకాశం దాదాపు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని వైద్యులు చెబుతారు. మేము ఎన్ని నిమిషాలు నీళ్లు చల్లుతూ గడిపామో నేను లెక్క వేయలేదు. వేయను కూడా. మేము నొక్కినా అతడు బతికేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరని మాకు తెలిసిన వైద్యుడు అనునయంగా చెప్పాడు. ఆ మాట నిజమే అయినా, ఆ రోజు మాకు చేతనైనది ఏమీ లేకపోయిందన్న సంగతి అంతకన్నా పెద్ద నిజం.

రెండు నెలలు గడిచాక మేము నలుగురం సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కి రక్తాన్ని ఆడించే పద్ధతి, నేర్చుకున్నాము. బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఛాతీ నడిమధ్యన నొక్కాలి. పెద్దవారి విషయంలో కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 మించకుండా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చూడడానికి తేలికగా ఉంటుంది కానీ రెండు నిమిషాలకే భుజాలు లాగుతాయి, నొక్కే లోతు మనకు తెలియకుండానే తగ్గిపోతుంది. అందువల్ల పక్కన ఇంకొకరు ఉంటే ప్రతి రెండు నిమిషాలకూ చేతులు మారాలి. శిక్షకురాలు ఈ మాట చెప్పగానే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మా నలుగురికీ గుర్తొచ్చినది ఒకటే అని నాకు తెలుసు. అలసిపోకముందే పక్కకు తప్పుకుని వెనుకవాడికి చోటివ్వడం మాకు కొత్త పాఠం కాదు, ఒక్కడు తప్ప మిగతా అందరం రోడ్డు మీద ఎప్పుడూ చేసినదే.

ఆ తరువాత కొన్నాళ్లకు మొదలుపెట్టి, ఇప్పటికీ నెలకొకసారి ఆదివారం సవారీ ముగిశాక ఎక్కడో ఒకచోట, బడిలోనో, అపార్ట్‌మెంటు మెట్ల కిందో, కూరగాయలు అమ్ముకునేవారు ఖాళీగా ఉండే వేళ వారి మధ్యనో, ఆ బొమ్మను పరిచి నేర్పిస్తున్నాము. ఎగశ్వాస సంగతిని నేనే చెబుతాను. మొదట్లో ఆ భాగానికి రాగానే గొంతు పూడుకుపోయి మాట ఆగిపోయేది. ఇప్పుడు ఆగదు. కానీ ఆ ఒక్క వాక్యాన్ని ఈనాటికీ మెల్లగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ ఉన్నవారిలో కనీసం ఒక్కరికైనా అది ఎప్పటికీ గుర్తుండాలి.

అతడు పోయిన తరువాత ఐదు నెలలు నేను సైకిల్ ముట్టుకోలేదు. టైర్లలో గాలి పూర్తిగా దిగిపోయింది. చివరికి ఒకరోజు సాయంత్రం, ఏ ఆలోచనా లేకుండా గాలి కొట్టి ఒక్కడినే బయలుదేరాను. ఒక పొడవాటి దిగుడులో పెడల్ తొక్కడం ఆపి వదిలేస్తే, ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంటుండగా చల్లగాలి చొక్కాలోకి దూరింది. ఒక్క క్షణం ఒళ్లంతా తేలికై, చిన్నప్పుడు సైకిల్ మొదటిసారి దానంతట అది నిలబడిన రోజు కలిగినటువంటి సంతోషం కలిగింది. ఆ మరుక్షణమే నాకు సిగ్గు వేసింది. అతడు మట్టిలో కలిసిపోతే నేను గాలి పీలుస్తూ ఆనందిస్తున్నానా అనిపించి రోడ్డు పక్కన ఆగిపోయాను.

ఆ సిగ్గు నుంచి బయటపడడానికి నాకు ఒక పరిశోధన కొంత తోడ్పడింది. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆప్తులను పోగొట్టుకున్నవారు ఎలా నెగ్గుకువస్తారన్న విషయం మీద ఒక ప్రతిపాదన చేశారు. వారి లెక్కలో దుఃఖించే మనిషి ఒక మెట్టు తరువాత ఇంకో మెట్టు ఎక్కుతూ పోడు. కాసేపు పోయినవారి తలపులో మునుగుతాడు, కాసేపు మిగిలిన జీవితపు పనుల్లో పడతాడు, మళ్లీ తలపులోకి వెళతాడు. ఈ రాకపోకలే ఆరోగ్యకరమని, నిరంతరం ఒకే వైపు ఉండిపోవడమే చిక్కని వారు అంటారు. నాకు ఇది చదివిన తరువాత పెడళ్లు గుర్తొచ్చాయి. ఒక పాదం కిందికి దిగితేనే రెండోది పైకి వస్తుంది. అయినా శాస్త్రం చెప్పినంత మాత్రాన మనసు ఊరుకోదు. నా మనసును ఊరుకోబెట్టినది మా రెండో మిత్రుడు. "వాడితో కలిసి మనం చేసినదల్లా సంతోషపడడమే కదా. అది కూడా మానేస్తే ఇంక వాడిది నీ దగ్గర ఏం మిగులుతుంది?" అన్నాడు. నా సైకిల్ వెనుక చక్రంలోని వంకర తీస్తూ, తల ఎత్తకుండా అన్న మాట అది.

చక్రాల గురించి అతడికి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. తొక్కడం కన్నా విప్పడం, బిగించడం అతడికి ఎక్కువ ఇష్టమని నా అనుమానం. ఎవరి సైకిల్ కిర్రుమన్నా, అది పెడల్ ఇరుసుదా, సీటు కడ్డీదా, చైన్‌దా అని రెండు మలుపులు తిరిగేలోగా చెప్పేవాడు. బరువును చక్రంలోని స్పోకులు కింది నుంచి స్తంభాల్లా మోస్తాయని నేను అనుకునేవాడిని. అవి అంత సన్నటివి, తోస్తే వంగిపోతాయి, వాటి బలమంతా లాగి బిగించి ఉంచడంలోనే ఉందని అతడు వివరించాడు. 32 స్పోకులో 36 స్పోకులో రిమ్మును అన్ని వైపుల నుంచీ సమానంగా లాగుతూ ఉంటేనే చక్రం గుండ్రంగా, నిటారుగా ఉంటుంది. రిమ్ము ఒకచోట ఎడమకు జరిగితే, ఆ చోట కుడి వైపు స్పోకులను కాస్త బిగించి, ఎడమ వైపువాటిని కాస్త వదులు చేయాలి. ఎంత? పావు చుట్టు. అతడి నోట తరచుగా వినిపించే మాట అదే. "పావు చుట్టు తిప్పు, చక్రం తిప్పి చూడు, మళ్లీ పావు చుట్టు." తొందరపడి ఒకేసారి చుట్టు తిప్పినవాడు ఇక్కడి వంకరను తీసి అక్కడ కొత్త వంకర తెస్తాడు.

మూలన పడి తుప్పు పట్టిన సైకిళ్లను బాగుచేసి, బడికి దూరం నుంచి నడిచివచ్చే పిల్లలకు ఇవ్వాలన్న ఆలోచన అతడిదే. గంట నడిచే దూరాన్ని సైకిల్ పావుగంటకో ఇరవై నిమిషాలకో కుదిస్తుంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, బడి కొనసాగించడమా మానడమా అన్నది కొన్ని ఇళ్లలో ఆ దూరం మీదే ఆధారపడి ఉంటుంది. 2004 చివర వచ్చిన సునామీ తరువాత శ్రీలంకలో సైకిళ్లు పంచడంతో మొదలైన వరల్డ్ బైసైకిల్ రిలీఫ్ అనే సంస్థ, ఆ తరువాత ఆఫ్రికా దేశాల్లో బరువులు మోయగల గట్టి సైకిళ్లను పిల్లలకు, ఆరోగ్య కార్యకర్తలకు అందిస్తున్న తీరు గురించి అతడు చదివి మాకు చెప్పాడు. అంతటి పని మనవల్ల కాదని నేనంటే, ఈ వారానికి ఒక సైకిల్ మనవల్ల అవుతుంది కదా అన్నాడు. అతడి ఇంటి వెనుక రేకుల షెడ్డులో మొదటి ఏడాది మేము బాగుచేసినవి పంతొమ్మిది.

ఆ పని చేస్తున్నప్పుడు అతడు చెప్పిన కథల్లో నాకు బాగా నచ్చినది గాలి టైరు కథ. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా పనిచేసిన జాన్ బాయిడ్ డన్‌లప్, తన చిన్న కొడుకు మూడు చక్రాల సైకిల్ గట్టి రబ్బరు చక్రాలతో రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, పల్చటి రబ్బరుతో గొట్టం చేసి, అందులో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పిల్లవాడికి కుదుపు తగలకూడదన్న తపనలో పుట్టిన వస్తువును మనం పిల్లల కోసమే బాగుచేస్తున్నాం, కాబట్టి ప్యాచ్ సరిగ్గా వెయ్యండి అని మందలించేవాడు.

అతడిని రోడ్డు తీసుకుంది. సంధ్యవేళ, ఒక పిల్లవాడి ఇంట్లో సైకిల్ అప్పగించి ఒంటరిగా తిరిగి వస్తుండగా వెనుక నుంచి వాహనం ఢీకొట్టింది. అంతకన్నా ఎక్కువ రాయలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచమంతటా రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. అంతకుముందు అలాంటి అంకెను చదివితే పేజీ తిప్పేసేవాడిని. ఇప్పుడు ఆ అంకెలో ప్రతి ఒకటి వెనుకా ఒక రేకుల షెడ్డు, సగం విప్పిన ఒక చక్రం, దాన్ని బిగించడం చేతకాక నిలబడిపోయిన మనుషులు కనిపిస్తారు.

2003లో అమెరికాలోని డల్లాస్‌లో, ఒక సైకిలిస్టు వాహనం తగిలి చనిపోయిన తరువాత, అతడి మిత్రులు మొదలుపెట్టిన నిశ్శబ్ద సవారీ ఇప్పుడు చాలా దేశాల్లో ఏటా మే నెల మూడో బుధవారం జరుగుతున్నది. గంటకు 12 మైళ్లు, అంటే సుమారు 19 కిలోమీటర్ల వేగం మించకుండా, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వరుసగా తొక్కుతారు. అదే ఏడాది సెయింట్ లూయిస్ నగరంలో, ప్రమాదం జరిగిన చోట సైకిల్‌కు పూర్తిగా తెల్ల రంగు వేసి నిలపడం మొదలైంది. ఐక్యరాజ్య సమితి 2005లో నవంబరు మూడో ఆదివారాన్ని రోడ్డు ప్రమాద బాధితుల సంస్మరణ దినంగా గుర్తించింది. మేము మా మిత్రుడి కోసం తెల్ల సైకిల్ నిలపలేదు. పనికొచ్చే సైకిల్‌ను అలా కట్టి ఉంచడం అతడికి నచ్చేది కాదని అతడి భార్య అన్నారు. అందుకని నవంబరు మూడో ఆదివారం నిశ్శబ్దంగా తొక్కుతాము, తొక్కిన తరువాత ఆ దారిన కనిపించిన ప్రతి సైకిల్‌కూ వెనుక ఎర్ర దీపమో, కనీసం వెలుగు పడితే మెరిసే పట్టీనో అమరుస్తాము. పాలు పోసేవారు, వార్తాపత్రికలు వేసేవారు, పని ముగించుకుని రాత్రి ఇంటికి వెళ్లే కూలీలు ఆగి పెట్టించుకుంటారు. నేను అందరినీ ఒకటే బతిమాలతాను: చీకటి పడ్డాక కాదు, చీకటి పడబోయే ముందే దీపం వెయ్యండి.

నిశ్శబ్ద సవారీ నేను అనుకున్నంత భారంగా ఉండదు. మాటలు లేకపోయేసరికి చైన్లు తిరిగే చప్పుడు, టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడు మాత్రమే మిగులుతాయి. ఏ సైకిల్ చైన్‌కు నూనె కావాలో కూడా వినబడుతుంది. అలా వినడం అతడే నేర్పాడు.

మూడో మిత్రుడి గురించి రాయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, ఎందుకంటే అతడికి వీడ్కోలు చెప్పే సమయం మాకు దొరికింది. అతడి దగ్గర టాండెం ఉండేది. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, ఒకే సైకిల్. రెండు జతల పెడళ్లనూ ఒక గొలుసు కలుపుతుంది కాబట్టి ముందున్నవారి పాదాలు తిరిగినంతసేపూ వెనుకవారి పాదాలూ తిరుగుతాయి. ఒకరు ఆగితే ఇంకొకరు తొక్కలేరు. పారాలింపిక్స్‌లో దృష్టి లోపమున్న క్రీడాకారులు టాండెం మీదే పోటీ పడతారు, ముందు సీటులో చూపున్న పైలట్ ఉంటారు. మా మిత్రుడు పోటీల కోసం కొనలేదు. చూపు లేని ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిన్నప్పుడు తన అన్నయ్య సైకిల్ తొక్కుతుంటే వెనుక పరుగెత్తడమే తప్ప ఒక్కసారీ తొక్కలేదని ఎక్కడో మాటల్లో అన్నారట. అది విని కొన్నాడు. తొమ్మిదేళ్లు ప్రతి వారం ఆమెను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని తొక్కాడు.

క్యాన్సర్ చికిత్స మొదలై బలం తగ్గుతున్న రోజుల్లో నన్ను పిలిచి, ఇకపై ముందు సీటు నీది అన్నాడు. నాకు టాండెం నడపడం రాదన్నాను. నేర్పిస్తాను, కానీ ముందు వెనుక కూర్చో, కళ్లకు గుడ్డ కట్టుకో అన్నాడు. అతడికి శక్తి చాలని ఆ రోజుల్లో ముందు సీటులో మరొక మిత్రుడు కూర్చుంటే, ఇతడు పక్కన నిలబడి ఏం చెప్పాలో చెప్పాడు. కళ్లకు గుడ్డ కట్టుకుని వెనుక కూర్చున్న ఆ పదిహేను నిమిషాల్లో నేను నేర్చుకున్నది మరే విధంగానూ నేర్చుకోలేను. చిన్న గుంత కూడా కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. మలుపు వస్తున్నదని తెలియకపోతే ఒళ్లు దానంతట అది ఎదురు వంగుతుంది, సైకిల్ తూలుతుంది. చెప్పకుండా బ్రేకు వేస్తే గుండె గొంతులోకి వస్తుంది. అందుకే ముందున్నవారు నోరు మూసుకోకూడదు: గుంత, కుదుపు, ఎడమకు వంగుతున్నాం, వేగం తగ్గిస్తున్నా, ఆపుతున్నా, కుడికాలు దించండి. ఇవన్నీ జరగబోయే ముందే చెప్పాలి, జరిగిన తరువాత చెబితే లాభం లేదు.

అతడు పోయిన పన్నెండో రోజున ఆమెను ఎక్కించుకుని మొదటిసారి బయలుదేరాను. హెచ్చరికలన్నీ సరిగ్గానే చెప్పాను. ఒక ఐదు కిలోమీటర్లు వెళ్లాక ఆమె, "మీరు రోడ్డును చెబుతున్నారు. ఆయన రోడ్డు పక్కనున్నవి కూడా చెప్పేవారు" అన్నారు. ఏం చెప్పేవాడని అడిగాను. చెట్లను లెక్కపెట్టేవాడట. ఈ మలుపు నుంచి ఆ వంతెన దాకా నలభై ఒకటి. తీగ మీద కూర్చున్న పక్షులు ఎన్నో, గేదె మీద కొంగ వాలి ఉందో లేదో, కొత్తగా ఇల్లు కడుతున్నవారు ఎన్ని వరుసల ఇటుకలు లేపారో చెప్పేవాడట. ఆమె మనసులో ఆ దారి మొత్తం ఉంది, చాలా చోట్ల నాకన్నా స్పష్టంగా ఉంది. నేను నలభై ఏళ్లుగా తిరుగుతున్న దారి అది. మలుపు దాటాక లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది వచ్చాయి. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే రెండు కొట్టేశారన్నమాట" అన్నారు. ఆ తరువాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, కానీ వెనుక పెడల్ మీద ఆమె బలం ఏమాత్రం తగ్గలేదు. టాండెం మీద అది అరికాలికి తెలుస్తుంది.

ఇప్పుడు నేను ఎక్కువగా రంగులు చెబుతాను. లెక్కపెట్టడం అతడిది, రంగులు నావి. ఆమెకు నాలుగేళ్ల వయసు దాకా చూపు ఉండేది కాబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తున్నాయని, ఊదా రంగు గుర్తుందో లేదో సందేహమని అన్నారు. దాన్ని ఎలా వివరించాలా అని ఆ వారమంతా ఆలోచించాను. సాయంత్రం దీపాలు వెలిగించడానికి ముందు, ఇంకా చీకటి పడని ఆకాశం తూర్పు వైపు ఎలా ఉంటుందో అది, అన్నాను. ఆ వేళ తనకు చల్లదనంగా తెలుస్తుందని, అది ఊదా అయితే బాగానే ఉందని ఆమె నవ్వారు. అలాంటి ఉదయం తరువాత ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నప్పుడు నాలో నిండి ఉండేది సంతోషమే. దాన్ని ఇప్పుడు దాచుకోను. ఎవరైనా ఈ పనిని సేవ అంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆమె వెనుక లేకపోతే ఆ దారిని నేను అలా చూసేవాడినే కాదు, కాబట్టి ఎవరు ఎవరికి ఇస్తున్నారో తేల్చడం కష్టం. ఆమె కూడా తన వంతుగా, మేము బాగుచేసిన సైకిళ్లు తీసుకున్న పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెబుతున్నారు.

మిగిలిన మేమిద్దరం కాక ఆదివారం ఉదయాల్లో ఇప్పుడు పదిమంది దాకా వస్తున్నారు. ఎక్కువమంది వయసులో మా పిల్లలంత వాళ్లు. మొదట ఎదురుగాలిలో అందరూ ఒకేసారి పక్కపక్కన తొక్కి అలసిపోయేవారు. ఇప్పుడు వంతులు నేర్చుకున్నారు. ముందున్న పిల్ల ఒకరోజు తన వంతు అయిపోయినా పక్కకు తప్పుకోలేదు. "నా వెనుక అన్నయ్యకు మోకాలు నొప్పి, ఇంకాసేపు ఉంటాను" అంది. ఆ పిల్ల మా మిత్రుడిని ఎన్నడూ చూడలేదు. నా పక్కన తొక్కుతున్న పాత మిత్రుడు నా వైపు చూశాడు, నేనూ చూశాను, ఇద్దరం మాట్లాడకుండా తొక్కాము. ఆ మౌనం విని ఆ పిల్ల వెంటనే వేగం తగ్గించింది. మేము అలసిపోయామనుకుంది.

షెడ్డులో ప్రస్తుతం పదకొండు సైకిళ్లు ఉన్నాయి. రెండింటికి రిమ్ములు మార్చాలి, ఒకదానికి ముందు ఇరుసులో గోళీలు అరిగిపోయాయి, టాండెం గొలుసు సాగింది. మిగిలినవాటికి గ్రీజు, ట్యూబులు, బ్రేకు కట్టలు చాలు. బడులు తెరవడానికి ఇంకా మూడు వారాలే ఉంది. నిన్న సాయంత్రం ఒక వెనుక చక్రం వంకర తీయడానికి కూర్చుంటే, దాన్ని తీసుకెళ్లబోయే పిల్లవాడు పక్కన గొంతుక్కూర్చుని స్పోకు కీ తన చేతికి ఇమ్మని అడిగాడు. ఇచ్చాను. వాడు ఒక్కసారిగా గట్టిగా తిప్పబోతుంటే నా నోటి నుంచి నేను అనుకోకుండానే మా మిత్రుడి మాట, అతడి గొంతులోని విరుపుతో సహా వచ్చింది. వాడు పావు చుట్టు తిప్పి, చక్రం తిప్పి చూసి, మళ్లీ పావు చుట్టు తిప్పాడు. చీకటి పడబోతున్నది, షెడ్డులో దీపం వేశాను.